ఒకే చీటీ మీద రెండు వైద్యాలు

(శ్రీకాకుళంలో వైద్య విద్యార్థులు, ఆశా కార్యకర్తలు పాల్గొన్న ఒక సభలో, జిల్లాలోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు, తెల్లవారుజామునే ఇంటి పని ముగించుకుని బస్సెక్కి వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం ‘గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో సమ్మిళిత వైద్యం’. ఆహ్వాన పత్రిక మీద ఆ మాట చదివి మా ఫార్మసిస్టు, ఇదేదో కాంప్లెక్సు ఎరువు పేరులాగా ఉందండీ అన్నాడు. నవ్వుకున్నాను గాని, అతని వెటకారంలో కొంత న్యాయం ఉందని తరువాత తోచింది. రెండు మూడు బస్తాలు ఒకే కుప్పగా పోసి పారతో తిరగేస్తే మిశ్రమం తయారవుతుంది; వైద్యం అలా తయారు కాదు. అందుకే నేను ఈ గంటసేపూ ‘సమన్వయ వైద్యం’ అనే మాట వాడతాను. ఇంగ్లీషు వైద్యం, ఆయుర్వేదం అనే రెండు వైద్యాలను కలపడం కంటే, ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కుదుర్చుకోవడం నాకు ముఖ్యం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1921లో, దేశీయ వైద్య విధానాల మీద మద్రాసు ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. స్వాతంత్ర్యం వచ్చే ముందు నియమితమైన చోప్రా సంఘం 1948లో ఇచ్చిన నివేదికలో రెండు వైద్యాలనూ సమన్వయం చేయాలని సిఫారసు చేసింది. ఆ తరువాత చాలా కాలం ఎవరి కళాశాలలు వారివి, ఎవరి ఆసుపత్రులు వారివిగానే సాగాయి. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆయుర్వేదం, హోమియో వంటి ఆయుష్ వైద్యులను అదే కప్పు కింద కూర్చోబెట్టాలని నిర్ణయించారు. కప్పు ఒకటయింది. గోడ మాత్రం అలాగే నిలిచింది.

గోడ అంటే నిజంగా గోడే. ముప్పై పడకల మా కేంద్రంలో నా గది ముందు వరండా పక్కన ఉంటుంది. ఆయుర్వేద వైద్యురాలి గది స్టోరు వెనుక, కాళ్ళు విరిగిన ఇనుప మంచం, ఖాళీ సెలైన్ అట్టపెట్టెలు దాటి వెళితే వస్తుంది. ఆవిడ ఓపీ రిజిస్టరు వేరు, నాది వేరు. ఆవిడ చీటీ వేరు, నాది వేరు. ఒకే రోగి పది గంటలకు నా దగ్గర బీపీ బిళ్ళలు రాయించుకుని, పదకొండు గంటలకు ఆవిడ దగ్గర చూర్ణం తీసుకుని వెళ్ళిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మా ఇద్దరికీ మధ్యాహ్నం టీ దగ్గర పలకరింపులున్నాయి గాని, రోగుల గురించి మాట్లాడుకునే అలవాటు మాత్రం రెండేళ్ళ పాటు కలగలేదు. ఆ అలవాటు ఎలా కలిగిందో చెప్పాలంటే నా తప్పొకటి ముందుగా చెప్పుకోవాలి.

అరవై ఏళ్ళ ఒక తల్లి నా దగ్గర రక్తపోటుకు మందు వాడేది. మొదట ఒక బిళ్ళ, తరువాత రెండు, ఆ తరువాత ఒంట్లోని ఉప్పు నీరు మూత్రంలో పోయేలా చేసే మూడో బిళ్ళ కూడా రాశాను. పోటు దిగలేదు. పైగా కాళ్ళు లాగేస్తున్నాయి, గుమ్మం ఎక్కలేకపోతున్నాను అనడం మొదలుపెట్టింది. నేను బిళ్ళలు సరిగా వేసుకోవడం లేదని కోప్పడ్డాను; ఊరగాయలు మానడం లేదని మళ్ళీ కోప్పడ్డాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం బాగా పడిపోయి ఉంది. అప్పుడు నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే తేలిన సంగతేమంటే, గుండెల్లో మంటకని ఎవరో చెప్పగా ఏడెనిమిది నెలలుగా ఆమె రోజూ పొద్దునా రాత్రీ రెండేసి చెంచాల అతిమధురం పొడి పాలల్లో కలుపుకుని తాగుతోంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావమ్మా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ‘నానేటీ దాచనేదు బాబూ, మీరు అడగనేదు’ అంది.

అతిమధురంలో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోను మూత్రపిండంలో ఉప్పును పట్టి ఉంచే పనికి పూనుకోకుండా అక్కడ ఒక ఎంజైము దాన్ని నిర్వీర్యం చేస్తూ ఉంటుంది. అతిమధురం ఎక్కువ మోతాదులో చాలాకాలం తీసుకుంటే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. దాంతో ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోయి పోటు పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో బయటికి పోతుంది. నేను రాసిన మూడో బిళ్ళ కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. అంటే ఒక పక్క నుంచి ఆ పొడీ, మరో పక్క నుంచి నా చీటీ కలిసి ఆ తల్లి కాళ్ళలో బలం తోడేశాయి. అతిమధురం చెడ్డదని నేను అనడం లేదు. మా ఆయుర్వేద వైద్యురాలు కూడా దాన్ని వాడుతుంది. కాని పోటున్న మనిషికి నెలల తరబడి అంత మోతాదు ఇవ్వనని ఆవిడే చెప్పింది. ఆ మాట ముందుగా తెలియకపోవడానికి మా మధ్యనున్న స్టోరు గది తప్ప వేరే కారణం లేదు.

ఆ వారం నుంచి మేము రెండు చీటీలు మానేసి ఒకే చీటీకి వచ్చాము. ఎవరు రాసినా అందులోనే రాయాలి, రెండోవారు రాసినది చదివాకే తమది రాయాలి. చెప్పడానికి ఇంత చిన్న సంగతి ఆచరణలోకి రావడానికి ఆరు నెలలు పట్టింది, ఎందుకంటే నా దస్తూరి ఆవిడకు అర్థం కాదు, ఆవిడ వాడే పేర్లు నాకు తెలియవు. యోగరాజ గుగ్గులు అంటే అందులో ఏమేం పడతాయో, అవిపత్తికర చూర్ణం దేనికిస్తారో నలభై ఏళ్ళ వయసులో కూర్చుని నేర్చుకున్నాను. ఇక్కడున్న వైద్య విద్యార్థులు ఆ పని ఇరవై ఏళ్ళకే మొదలుపెడితే నాకంటే తెలివైనవారవుతారు.

చీటీ మార్చాక ప్రశ్న కూడా మార్చవలసి వచ్చింది. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే నూటికి తొంభైమంది లేదనే అంటారు, అది అబద్ధమూ కాదు. మన వైపు ‘మందు’ అంటే బిళ్ళ, సూది, సీసా. పెరట్లో కోసి నూరుకున్న పసరు మందు కాదు, సంతలో కొన్న పొడి మందు కాదు, మామ్మ కాచి ఇచ్చిన కషాయం అసలే కాదు. ఈ కిటుకు నాకు చెప్పింది ఒక ఆశా కార్యకర్త. ‘బాబూ, మందని అడక్కండి, ఆకు తింటన్నావా, వేరు నములుతున్నావా, పొడి తాగుతున్నావా అని ఒక్కోటీ అడగండి’ అంది. అలా అడిగిన మొదటి రోజే చీటీలు నిండిపోయాయి.

అడగడం కంటే మేలైన పద్ధతి సంచి తెప్పించడం. నెలకొకసారి బీపీ, షుగరు రోగులను ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాము. బల్ల మీద ఒక పాత దినపత్రిక పరచి ఆ సంచి బోర్లిస్తే ఆ మనిషి ఏడాది చరిత్ర అంతా కళ్ళెదుట పడుతుంది. పేరున్న భాగం కత్తిరించేయడంతో ఏ మందో తెలియని నాలుగు బిళ్ళల ముక్క, రెండేళ్ళ కిందట ఆపేయమన్న మాత్రల అట్ట, కాగితం పొట్లంలో గోధుమరంగు పొడి, గుడ్డపేలికలో కట్టిన వేరుముక్క, మూత బిగుసుకుపోయిన అరిష్టం సీసా, వీటి మధ్య ఎవరిదో మనవడి దగ్గుమందు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ పేరులేని పొట్లం. వారంలో కీళ్ళనొప్పులు పోగొడతామని సంతల్లో అమ్మే పొడుల్లో కొన్నిటిలో స్టెరాయిడ్లు, నొప్పిబిళ్ళలు నూరి కలుపుతుంటారు. రోగికి మూడో రోజుకే హాయిగా ఉంటుంది. మూడో నెలకు ముఖం ఉబ్బుతుంది, షుగరు ఎగబాకుతుంది. ఆ పొడికి ఆయుర్వేదంతో ఏ సంబంధమూ లేదని మా వైద్యురాలు నాకంటే గట్టిగా కోపగించుకుంటుంది, ఆ కోపం న్యాయమే.

ఈ సంగతి మరెక్కడైనా ఒక ఎత్తు, ఉద్దానంలో మరొక ఎత్తు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా సాగుతున్న మూత్రపిండాల వ్యాధి గురించి ఈ జిల్లా సభలో నేను కొత్తగా చెప్పవలసింది లేదు. మధుమేహమో రక్తపోటో లేని రైతులకు, కూలీలకు కూడా ఆ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీరు, నేల, ఎండలో చెమటోడ్చే పని, పురుగుమందులు, నొప్పిబిళ్ళలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కారణం తేలేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటే, మిగిలి ఉన్న మూత్రపిండాన్ని కాపాడడం. అక్కడ రెండు వైద్యాలూ తమ తమ నిఘంటువుల్లోంచి కొన్ని మాటలు కొట్టేసుకోవాలి.

నా వైపు నుంచి కొట్టేయవలసినవి నొప్పిబిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి దెబ్బతిన్న మూత్రపిండానికి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. జీడితోటలో రోజంతా నడుము వంచి పనిచేసిన మనిషి సాయంత్రం కిళ్ళీకొట్లో ఒక బిళ్ళ కొనుక్కుని వేసుకోవడం అతనికి టీ తాగడంతో సమానం. మా ఆయుర్వేద వైద్యురాలి వైపు నుంచి కొట్టేయవలసినవి కూడా ఉన్నాయి. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్ నగరంలో బరువు తగ్గించే మందులు వాడిన స్త్రీలకు ఉన్నట్టుండి మూత్రపిండాలు పాడైపోయాయి. బాధితుల సంఖ్య నూరు దాటింది. ఆ మందుల్లో వాడవలసిన ఒక చైనా మూలికకు బదులు, పేరులో పోలిక వల్ల, అరిస్టొలోకియా జాతి మొక్క వేరు కలిసిపోయిందని తరువాత బయటపడింది. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాన్ని ఎండగట్టడమే కాదు, మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా తెస్తుంది. బాల్కన్ దేశాల పల్లెల్లో తరతరాలుగా కనిపించిన మూత్రపిండాల జబ్బుకు కూడా గోధుమ చేలల్లో కలిసిపోయిన ఇదే జాతి కలుపుమొక్క గింజలే కారణమని తరువాత నిర్ధారించారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ జాతికి చెందిన మొక్క మన దగ్గరా ఉంది. మనం ఈశ్వరి అనీ, నల్ల ఈశ్వరి అనీ పిలిచేది అదే. పాము కాటుకూ జ్వరాలకూ దాని వేరు నూరి ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఉద్దానం జబ్బుకు ఈశ్వరి వేరు కారణమని నేను అనడం లేదు, దయచేసి రేపు ఎవరూ అలా రాయవద్దు. కిడ్నీ జబ్బున్న ఇంట్లో, ఆ మాటకొస్తే ఏ ఇంట్లోనైనా, ఆ వేరు కడుపులోకి పోకూడదని మాత్రం అంటున్నాను. అలాగే అటికమామిడి, అంటే పునర్నవ. ‘కిడ్నీకి మంచిది’ అని దానికి పెద్ద పేరు. దానిలో పొటాషియం లవణాలు గణనీయంగా ఉంటాయి కాబట్టి, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న రోగికి తాను ఇవ్వడం మానేశానని మా వైద్యురాలు తనంతట తానుగా చీటీ మీద రాసి పంపింది. ఆ చీటీ నా సొరుగులో దాచుకున్నాను.

పొటాషియం అన్నాను కాబట్టి కొబ్బరి బొండాం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఉద్దానం అంటేనే కొబ్బరితోట. చుట్టం వస్తే బొండాం, నీరసిస్తే బొండాం, డయాలిసిస్ చేయించుకుని వచ్చిన మనిషికి ఒళ్ళు చల్లబడాలని ప్రేమతో కొట్టి ఇచ్చేదీ బొండామే. ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్ళలో నాలుగైదు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పనిచేసే మూత్రపిండం దాన్ని సాయంత్రానికి బయటికి పంపేస్తుంది, పనిచేయనిది రక్తంలోనే ఉంచేస్తుంది, అది మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఇంట్లో చెట్టుకు కాసిన కాయ కీడు చేస్తుందని చెప్పడం ఎంత కష్టమో ఆ మాట చెప్పిన ఆశా కార్యకర్తలకు తెలుసు. ఇక్కడ ఆయుర్వేదానికీ ఇంగ్లీషు వైద్యానికీ తగాదా లేదు, ఉన్న తగాదా అల్లా ‘చెట్టు మందు ఏం చేస్తుంది, మేలు చేయకపోయినా కీడు చేయదు కదా’ అనే నమ్మకంతోనే.

ఆ నమ్మకం చదువుకున్నవాళ్ళలోనూ ఉంది. కరోనా రోజుల్లో తిప్పతీగ కోసం మా ఊళ్ళో వేపచెట్లన్నీ వెతికేశారు. 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం వాచిన సంగతి ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. చూడడానికి అలాగే ఉండే వేరొక తీగ వల్ల కావచ్చని వాదించింది. ఎవరి మాట ఎంత నిజమైనా, పసుపు పచ్చని కళ్ళతో వచ్చిన మనిషిని తిప్పతీగ గురించి అడగకుండా నేను పంపకూడదన్నది మాత్రం స్థిరపడింది. రసౌషధాల మీద, అంటే లోహాల భస్మాలతో చేసే ఆయుర్వేద మందుల మీద కూడా అలాంటి చర్చే ఉంది. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు 2004లో ఒక పరిశోధన తేల్చింది. శుద్ధి చేసిన భస్మం వేరు, మామూలు లోహం వేరు అని వైద్యులు చెప్పవచ్చు. అది ఒప్పుకున్నా, ఫలానా సీసాలో ఉన్నది సరిగ్గా శుద్ధి అయిందో లేదో మా కేంద్రంలో పరీక్షించే సాధనం లేదు కాబట్టి పిల్లలకూ గర్భిణులకూ మేము అవి ఇవ్వము.

మరి మొక్కలో మందు లేదా అంటే, ఉంది. సీతంపేట కొండల నుంచి మలేరియాతో వచ్చే రోగికి నేనిచ్చే ఆర్టిమిసినిన్ జాతి మందు చైనా మూలిక నుంచి వచ్చినదే. తు యుయు అనే శాస్త్రవేత్త దాన్ని వేరుచేయడానికి తంటాలు పడుతున్నప్పుడు, నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఆ మూలికను నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని ఉన్నది గమనించింది. మన భాషలో చెప్పాలంటే, అది కషాయం కాదు, పసరు. మరిగిస్తే పోయే గుణం అందులో ఉందేమోనని ఆమెకు తట్టి, తక్కువ వేడి మీద ఈథర్‌తో తీసింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకంలో ఉన్నందుకు నమ్మలేదు, పాత పుస్తకమని పారేయనూ లేదు. ఎలుకల మీద చూసింది, తన ఒంటి మీద చూసుకుంది, ఆ తరువాతే రోగికి ఇచ్చింది.

పాము కాటు దగ్గర నేను సమన్వయం అనే మాటే ఎత్తను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు సూదిమందు తప్ప వేరే మందు లేదు. మా దగ్గర కాటు రోగి రాగానే, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా గోడవార ఇరవై నిమిషాలు నిలబెడతాము. ఇరవయ్యో నిమిషాన నెమ్మదిగా వంచితే గడ్డ నిలబడాలి. నీళ్ళలా జారిందంటే పింజర విషం ఒంట్లో ఉన్నట్టు. ఆ ఇరవై నిమిషాలూ రోగి బంధువులు ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చుంటారు. మంత్రం వేసేవారితో నేను చాలాకాలం పోట్లాడాను. కాటు వేసినవాటిలో చాలా పాములకు విషం ఉండదు, ఉన్నవి కూడా ప్రతిసారీ విషం దింపవు కాబట్టి, మంత్రం వేసేవాడి లెక్కలో అతను బతికించినవారే ఎక్కువ. ఆ మనిషిని వాదంతో ఓడించలేము. ఇప్పుడు ఒక ఊళ్ళో అతనితో ఒప్పందం కుదిరింది. కొయ్యడం, తాడు బిగించి కట్టడం, వేరు మింగించడం ఉండవు. మంత్రం చదవాలనుకుంటే 108 బండిలో రోగి పక్కన కూర్చుని చదువుకోవచ్చు. అతను రెండుసార్లు అలా వచ్చాడు. మంత్రానికి నా అభ్యంతరం లేదు, ఆలస్యానికే ఉంది.

ఇంతవరకు వద్దన్న మాటలే ఎక్కువ చెప్పాను. పని కలిసి చేసి మేలు చూసినవి రెండున్నాయి. మొదటిది భగందరానికి, అంటే మలద్వారం పక్కన నాళంలా ఏర్పడే పుండుకు, క్షారసూత్రం. గట్టి నూలుదారానికి ఆకుజెముడు పాలు పూసి ఆరబెట్టి, అలా పదకొండు పూతలు, ఆపైన జెముడు పాలతో ఉత్తరేణి క్షారం ఏడు పూతలు, చివర జెముడు పాలతో పసుపు మూడు పూతలు, మొత్తం ఇరవయ్యొక్క పూతలు వేస్తారు. ఆ దారాన్ని పుండు నాళంలోంచి పోనిచ్చి ముడివేసి వారానికొకసారి మారుస్తారు. దారం కోసుకుంటూ పోతుంటే వెనుక మాంసం పూడుకుంటూ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి శస్త్రచికిత్సతో దీన్ని పోల్చి 1991లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మానడానికి నాలుగు వారాలకు బదులు ఎనిమిది వారాలు పట్టింది, కాని జబ్బు తిరగబెట్టడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. రెండు వైపులా లాభనష్టాలు ఇలా అంకెల్లో కనిపించినప్పుడు నాకు ఏ పేచీ లేదు. రోగికి రెండూ చెప్పి ఎంచుకోమంటాను. మా దగ్గర దారం వేసే వసతి లేదు గనుక బయటికి పంపుతాము, వారం వారం కట్టు మాత్రం మేమే చూస్తాము.

రెండోది బోదకాలు. దీని గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే శ్రీకాకుళం విజయనగరం జిల్లాలలో పుట్టినవారెవరికైనా ఏదో ఒక ఇంట్లో ఆ కాలు కళ్ళారా తెలుసు. ఆయుర్వేదం దీన్ని శ్లీపదం అంది. పాతనీరు నిలిచి ఉండే చోట, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే చోట ఇది ఎక్కువగా పుడుతుందని ప్రాచీనులు రాశారు. దోమ సంగతి వారికి తెలియదు, అది 1877లో మాన్సన్ అనే వైద్యుడు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. కాని నిలవనీటి మీద వారి చూపు సరిగ్గానే పడింది. ఈ జబ్బు పురుగుల పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి గనుక మన సిబ్బంది రాత్రి పూట, కుక్కలు వెంటబడుతుంటే, వీధి వీధి తిరిగి వేలి చివర రక్తం తీస్తారు. ఏటేటా ఊరంతటికీ ఇచ్చే డీఈసీ బిళ్ళలు ఆ పిల్లపురుగుల కోసమే.

ఆ డీఈసీ మందును కనుగొన్న బృందాన్ని అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో నడిపించినవాడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కథలో మన అంశానికి కావలసిన ముక్క ఒకటుంది. యువకుడిగా ఉన్నప్పుడు స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో ఆయన సోదరులు ఇద్దరు చనిపోయారు, ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. ఆయన్ను అప్పుడు నిలబెట్టింది మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్స. ఖద్దరు కట్టుకుని శస్త్రచికిత్స గదిలోకి వెళ్ళినందుకు ఆచార్యుడి కోపానికి గురై, పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కని సుబ్బారావు, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. తరువాత ఆయన బృందం లెడర్లీలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, అది స్ప్రూకే మందయింది. ఈ రెండు వైద్యాలూ ఆయన ఒంట్లో కొట్లాడుకోలేదు.

కాని డీఈసీ వాచిన కాలును తగ్గించదు. ముందు రోజుల్లో నేను బోదకాలు రోగికి బిళ్ళలిచ్చి, కాలు పైకి పెట్టుకో అని పంపేసేవాణ్ణి. ఆ కాలును అసలు పెంచేది మాటిమాటికీ వచ్చే జ్వరం. వేళ్ళ సందుల్లో నానిపోయి తెల్లబడిన చర్మం పగులుతుంది, ఆ పగులులోంచి సూక్ష్మజీవులు పోతాయి, గజ్జల్లో బిళ్ళలు కట్టి చలిజ్వరం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కాలు ఒక అంగుళం లావెక్కి ఊరుకుంటుంది. కేరళలోని కాసరగోడులో చర్మవ్యాధుల వైద్యులు, ఆయుర్వేద వైద్యులు, యోగా నేర్పేవారు కలిసి పల్లెటూరి రోగి ఇంట్లోనే చేసుకోగల ఒక పద్ధతిని రూపొందించి, గుల్బర్గా, అలెప్పీ జిల్లాల్లో అమలుచేసి, ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించారు. మేము చేస్తున్నది దానికి చాలా చిన్న నకలు.

గురువారం ఉదయం వరండాలో ఆరు ప్లాస్టిక్ బేసిన్లు పెడతాము. రోగి తన కాలు తానే మామూలు సబ్బుతో కడుగుతుంది, మడతలు విప్పి లోపల కూడా. తరువాత అసలైన పని, తుడవడం. పాత చీరముక్కను వత్తిలా చేసి ప్రతి వేలి సందులోనూ దూర్చి, తడి అంటడం మానేదాకా తుడవాలి. ఈ ఒక్క పనికి మనిషికి పదిహేను నిమిషాలు పడుతుంది, దీన్ని ఎగ్గొడితే మిగతావన్నీ వృథా. పగుళ్ళుంటే తామర పూతమందు రాసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చేది నేను. వేడినీళ్ళలో చూర్ణం వేసి వడగట్టిన ఫాంటంలో కాలు నానబెట్టించడం, ఆరాక నూనెతో పాదం నుంచి తొడవైపు తేలికగా మర్దన చేయడం నేర్పేది మా వైద్యురాలు. ఆ తరువాత నిదానంగా ఊపిరి పీల్చి వదులుతూ చేసే కొద్దిపాటి ఆసనాలు, చివర వేళ్ళ దగ్గర బిగుతుగా మొదలై పైకి పోయేకొద్దీ వదులయ్యే కట్టు. ఇందులో ఏది ఎంత మేలు చేస్తోందని నన్నడిగితే, సబ్బూ నీళ్ళూ పొడిగుడ్డే ముందు అంటాను. ఆవిడ నూనె అంటుంది. ఆ వాదం మా మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

మొదట చేరిన రోగుల్లో ఒకామె ఉభాల కాలం, అంటే వరి నాట్ల కాలం వస్తే కన్నీళ్ళు పెట్టుకునేది. బురదలో దిగిన మూడో రోజుకు జ్వరం తప్పేది కాదు. రెండు ఉభాల కాలాలు ఆమె జ్వరం లేకుండా దాటింది. కాలు చుట్టుకొలత కొద్దిగానే తగ్గింది, మామూలు కాలు కాలేదు, కాదని ముందే చెప్పాము. ఆమె కూలి మాత్రం పోలేదు. అందరికీ ఇలా జరగలేదన్నది కూడా చెప్పాలి. వేసవిలో ఆ కట్టు భరించలేక విప్పేసినవారున్నారు, నాలుగు ఉతుకులకు సాగిపోయిన కట్టు మళ్ళీ కొనలేక ఆగిపోయినవారున్నారు, రెండు నెలలకు కాలు మళ్ళీ యథాస్థితికి వచ్చినవారున్నారు. నూనె సరఫరా ఒక్కోసారి మూడు నెలలు రాదు. అప్పుడు కడగడం, తుడవడం మాత్రమే సాగిస్తాము.

ఆశా కార్యకర్తలకు ఒక్క మనవి. ఈసారి డీఈసీ బిళ్ళలు పంచేటప్పుడు చేతిలో పెట్టి వచ్చేయకండి, అన్నం తిన్నాక మీ ఎదుటే మింగించండి; కొందరికి ఆ రాత్రి జ్వరం, కళ్ళు తిరగడం ఉంటాయి, అది పురుగులు చావడం వల్ల వచ్చేదని ముందే చెబితే మరుసటి ఏడు మిమ్మల్ని చూసి తలుపు వేసుకోరు. విద్యార్థుల్లో చూడాలనుకునేవారు ఏ గురువారమైనా ఎనిమిదింటికల్లా మా వరండాకు రావచ్చు. బేసిన్లు, సబ్బు మా దగ్గరున్నాయి. గోళ్ళు కత్తిరించుకుని రండి, పాత చీరముక్కలుంటే తీసుకురండి.